నాలుక కింద గోళీ

తడి కట్టెలు అంటుకోవాలంటే ఊపిరి కావాలి. ఆ ఇంట్లో ఊపిరి మీద సర్వహక్కులూ కృపానందం గారివి. అందుకని లిదియా మిగిలిన దానితో ఊదుకుంటోంది. గొట్టానికి మూతి ఆనించి ఒకసారి ఊదడం, లేచి గోడ పట్టుకుని నాలుగు ఊపిర్లు కూడబెట్టుకోవడం, మళ్లీ వంగడం. కట్టె మాత్రం మంట ఇవ్వకుండా పొగ ఇస్తోంది, అడిగిన దాన్ని వదిలేసి అడగని దానికి జవాబు రాసే కచేరీ గుమాస్తాలాగా.

"నీళ్లు మసిలినయా లేదా?" ముందర అర్రలోంచి అత్తగారు మార్తమ్మ కేకేసింది. "ఈడ నా కొడుకు పాణం గిలగిల కొట్టుకుంటాంది. నువ్వేమో పొయ్యితోని ముచ్చట పెడతానవ్!"

"తెస్తాన అత్తమ్మా," అంది లిదియా. ఆ రెండు ముక్కలకీ మధ్య ఒకసారి ఆగాల్సి వచ్చింది. ఆగిన సంగతి ఎవరికీ వినపడలేదు.

కృపానందం గారు తాలూకా కచేరీలో గుమాస్తా, హనుమకొండ క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆయనకు దమ్మొచ్చిందంటే ఇంటికి కలెక్టరు తనిఖీకి వచ్చినట్టే. రేడియో మూగబోవాలి. పక్కింటి కోళ్లను వాకిట్లోంచి తోలేయాలి. పడక కుర్చీని గాలి వచ్చే వైపుకు జరపాలి, గాలి ఎక్కువైందని మళ్లీ గోడ వైపుకు జరపాలి. ఒకరు ఛాతీకి అమృతాంజనం రాయాలి, ఒకరు ఆవిరి పట్టడానికి నీళ్లు తేవాలి, ఒకరు వీపు నిమరాలి, ఒకరు ఓవల్టీన్ కలపాలి. ఓవల్టీన్ రోగికే, మిగిలిన వాళ్లు కావాలంటే డబ్బా మూత వాసన చూడొచ్చు. ఇందులో అమృతాంజనం రాసే ఒకరు మార్తమ్మ. మిగిలిన ఒకరులందరూ లిదియా.

పోపు ఘాటు ఆయనకు పడదు. అందుకని మిరపకాయలు వేయించేటప్పుడు వంటింటి తలుపు మూసేయాలని ఇంట్లో చట్టం. తలుపు సందుల్లో మార్తమ్మ పాత చీర పేలికలు కూరింది. కిటికీ లోంచి కూడా ఘాటు చుట్టు తిరిగి ముందర అర్రలోకి వస్తోందని కనిపెట్టి, దానికి అట్ట కొట్టించింది. పొగ ఇప్పుడు ముందర అర్రలోకి పోదు. ఎక్కడికీ పోదు. లిదియాతోనే ఉంటుంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమెను విడిచిపెట్టకుండా ఉన్నది అదొక్కటే.

పెళ్లైన నాలుగైదేళ్లకే ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మొదట్లో చెప్పింది కూడా. "పొగ పట్టింది, గంతే," అంది మార్తమ్మ. రెండోసారి చెబితే, "ఒళ్లు జేసినవ్, జర పని జెయ్యి," అంది. అప్పటికి లిదియా ఎండిన చిక్కుడు తీగలా ఉంది. మూడోసారి కృపానందం గారే స్వయంగా విచారణ జరిపి తీర్పు చెప్పారు. "దమ్ము అంటురోగం కాదు. నా నుంచి నీకు అంటదు. మా తాతకుండె, మా నాయనకుండె, నాకున్నది. నీకెక్కడికెళ్లి వస్తది? నన్ను జూసి జూసి నీకు గట్ల అనిపిస్తాంది." తీర్పులో లోటేమీ లేదు. ఉబ్బసం ఆ వంశపు స్థిరాస్తి. కోడలికి అందులో వాటా ఉండదు. తరవాత లిదియా చెప్పడం మానేసింది. పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీయడం నేర్చుకుంది. కోడి కంటే ముందే లేచే కోడలని మార్తమ్మ సంఘం ఆడవాళ్ల దగ్గర ఒకసారి గొప్పగా చెప్పుకుంది కూడా.

ఇప్పుడు వచ్చిన చిక్కు దమ్ముతో కాదు, సాక్ష్యంతో.

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, ఈస్టరు ఆరాధనలో కృపానందం గారు లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు. ఎండలు మండుతున్నాయి. ఎండాకాలంలో ఆయనకు దమ్ము రాదు, ఏ ఎండాకాలంలోనూ రాలేదు. ఆ సంగతి ఆయనతో సహా అందరూ మరిచిపోయారు. "తాతల నాటి రోగం ప్రార్థనతోని పోయింది. ఇగ నాకు గోళీ వద్దు, సూది వద్దు!" అన్నారాయన. గుడంతా హల్లెలూయ అంది. పాస్టర్ పౌలు అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. అయ్యగారు ఆ సాక్ష్యాన్ని సైకిలు మీద పెట్టుకుని ఊరూరా తిప్పారు. పరకాల నుంచి, నర్సంపేట నుంచి దమ్మున్న చుట్టాలను వెంటబెట్టుకుని జనం వచ్చేవాళ్లు. కృపానందం గారు గడపలో నిలబడి ఛాతీ నిండా గాలి పీల్చి చూపించేవారు. చూడవచ్చిన వాళ్లందరికీ చాయ్ లిదియా పెట్టేది.

మృగశిర కార్తె వచ్చింది. తొలి వాన పడింది. దమ్ము తిరిగొచ్చింది.

మిషన్ దవాఖానకు పోదామంటే కాంపౌండరు నుంచి ఊడ్చే ఆమె దాకా అందరూ సంఘం వాళ్లే. మందుల దుకాణం ఎల్లస్వామి నోరు ఊరి దండోరా. సర్కారు దవాఖానలో కచేరీ వాళ్లు కనబడతారు; వాళ్లలో సగం మందికి ఆయన స్వయంగా సాక్ష్యం వినిపించి ఉన్నారు. బాగున్నానని చెప్పుకున్న పాపానికి దవాఖానకు పోలేని రోగి జిల్లాలో ఆయనొక్కడే.

ఆ రోజు ఓవల్టీన్ తాగి కాస్త తేరుకున్నాక ఆయన భార్యను పిలిచారు.

"లిదియా, ఇట్ల రా. కూసో."

కూర్చోమన్నారంటే పెద్ద పనే అన్నమాట.

"రేపు మిషన్ దవాఖానకు పో. నీకు దమ్మున్నదని చెప్పు. గోళీలిస్తరు, పట్కరా."

"నాకు దమ్మున్నదని చెప్పాల్నా?"

"అవ్. గంత మొఖం పెట్టుడెందుకు? ఆడోళ్లకు ఏ రోగమున్నదన్నా ఎవలు పట్టించుకుంటరు? నువ్వేమన్న సాక్ష్యం చెప్పినవా? నీ ఇజ్జత్ ఏం పోతది?"

"అబద్ధం గదా," అంది లిదియా మెల్లగా.

"మొగని కోసం చెప్పేది అబద్ధమెట్లయితదే?" అంది మార్తమ్మ అమృతాంజనం సీసా మూత బిగిస్తూ. ఈ విషయంలో ఆమెకు వేదాంత కళాశాల అవసరం లేకపోయింది.

కృపానందం గారు పాఠం మొదలుపెట్టారు. "పండుకుంటే ఎక్కువైతదని చెప్పు. లేచి కూసుంటే జర తక్కువైతదని చెప్పు."

"చెప్త."

"ఛాతి మీద సన్నెకల్లు పెట్టినట్టుంటదని చెప్పు. గాలి లోపలికి పోతది గని బయటికి రాదు. ఈ మాట మరువకు. బయటికి రాదు."

"తెలుసు."

"నీకెట్ల తెలుసు?"

లిదియా కొంగు సర్దుకుంది. "మిమ్మల్ని జూస్తాన కదా."

ఆయన తృప్తిపడ్డారు. "ఆఁ. చెప్పేటప్పుడు జర ఆయాసపడుకుంట చెప్పు, నమ్మాలె కదా. ఏదీ, ఒకసారి చెయ్యి చూద్దాం."

లిదియా ఊపిరి తీసింది. పొద్దస్తమానం పళ్ల వెనక దాచిపెట్టుకునే ఊపిరిని దాచకుండా వదిలింది. ముక్కలు ముక్కలుగా, ఈల వేసుకుంటూ వచ్చింది.

కృపానందం గారు తల అడ్డంగా ఊపారు. "గంత చెయ్యకు. దొరికిపోతవ్."

మర్నాడు తలుపు మూసి పోపు పెట్టి, వంట ముగించి బయల్దేరింది. రిక్షా మాట ఎత్తితే, "రోగం లేని మనిషికి రిక్షా ఎందుకు?" అంది మార్తమ్మ, రోగం ఉందని చెప్పడానికి పోతున్న కోడలితో. నడిచింది. దారిలో మూడు అరుగుల మీద కూర్చుంది. దవాఖాన గేటు దగ్గరికి వచ్చేసరికి నటించాల్సిన అవసరం తీరిపోయింది.

డాక్టరమ్మ పొట్టి మనిషి. కళ్లద్దాలు ముక్కు మీద నుంచి జారుతుంటే వేలితో పైకి తోస్తూ, "ఏమైందమ్మా?" అంది.

"పండుకుంటే..." లిదియా ఆగింది. "ఎక్కువైతది. కూసుంటే..." మళ్లీ ఆగింది. పాఠంలో ఇంకా చాలా మిగిలి ఉంది.

"మాట్లాడకండి. అటు తిరగండి." డాక్టరమ్మ స్టెతస్కోపు ఆమె వీపు మీద పెట్టింది. ఇంకోచోట పెట్టింది. మళ్లీ మొదటి చోటికే వచ్చింది. ఆ చల్లటి బిళ్ల తన వీపు మీద అంత శ్రద్ధగా తిరుగుతుంటే లిదియాకు సిగ్గేసింది, పిలవని పెళ్లిలో ముందు వరసలో కూర్చోబెట్టి వడ్డిస్తున్నట్టు.

"ఎన్నేళ్ల నుంచి?"

"చిన్నప్పటి సంది." అది కృపానందం గారి లెక్క.

"ఇన్నేళ్లు ఊరుకున్నారా? ఇంట్లో ఎవరూ చూడలేదా?"

ఈ ప్రశ్నకు ఆయన జవాబు నేర్పలేదు. ఎదురుగా గోడ మీద బైబిలు వాక్యం రాసి ఉంది, అబద్ధం నోట్లో పెట్టుకుని లిదియా దాని వైపు చూడలేకపోయింది. "డాక్టరమ్మా, నిజం చెప్తాన. నాకు దమ్ము లేదు. గోళీల కోసం ఉన్నదని అబద్ధమాడుతాన."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి మరీ చూసింది. "లేదా?"

"లేదు. నాకు పొగ పట్టింది, గంతే."

"మీ గోళ్లు చూసుకోండి, నేరేడు పండ్ల లాగున్నాయి. మీకు దమ్ము లేకపోతే ఈ వరంగల్లులో ఎవరికీ లేదు. ఎవరమ్మా మీకు పొగ పట్టిందని చెప్పింది?"

లిదియాకు ముందు కలిగింది భయం. మా ఆయనది గదా అది, అనబోయింది. ఆయన లేనప్పుడు ఆయన కోటు తొడుక్కుని బజార్లో తిరుగుతూ పట్టుబడ్డట్టు అనిపించింది. ఇంటికి పోయి ఏం చెప్పాలి? అబద్ధం చెప్పడానికి పోతే అది నిజమై కూర్చుందని చెబితే, ఒక్క పని సరిగ్గా చేయడం రాదంటారు.

సూదిమందు పెద్ద సిరంజిలో వచ్చింది. తొందరపడితే గుండె దడ పుడుతుందని నర్సు బొట్టు బొట్టుగా ఎక్కించింది. మందు పోతున్న దారెంబడి వెచ్చగా అయింది, మెడ దాకా, చెవుల దాకా. తరవాత ఎవరో ఛాతీ మీద నుంచి కాలు తీసినట్టయింది. పిల్లికూతలు ఒకటొకటిగా ఆగిపోయాయి. గాలి లోపలికి పోయింది, ఎవరినీ అడగకుండా బయటికి వచ్చింది. లిదియా బిత్తరపోయి నర్సు వైపు చూసింది. అందరికీ ఇట్లనే ఉంటదా? రోజూ? మార్తమ్మకు, పక్కింటి వాళ్లకు, బజార్ల కూరగాయలమ్మేటోళ్లకు, అందరికీ ఇంత గాలి ఉంటదా? ఇంత ఉండీ వీళ్లంతా అలసిపోయామంటారా? ఇంత గాలి తనకు ఉంటే ఈ ఇరవై ఏళ్లలో ఏం చేసి ఉండేదో ఆలోచించబోయింది. ఏమీ తోచలేదు. చేసిన పనే ఇంకొంచెం తొందరగా చేసి ఉండేదేమో, అప్పుడు ఇంకో పని చెప్పి ఉండేవాళ్లేమో. ఆ ఆలోచన మధ్యలోనే నిద్ర పట్టింది. మంచం మీద వెల్లకిలా, ఒక్క దిండు మీదే తల పెట్టుకుని, చిన్నపిల్లలాగా నిద్రపోయింది.

లేచేసరికి డాక్టరమ్మ నిలబడి ఉంది. "ఇక్కడే ఉండాలి కొన్నాళ్లు."

"ఇంటికాడ వంట..."

"పొయ్యి దగ్గరికి పోతే ఈసారి చచ్చిపోతారు."

లిదియా రెండిట్లో మార్తమ్మకు ఏది చెప్పడం తేలికో ఆలోచించింది.

పక్క మంచం కొత్తవాడ సమ్మమ్మది. ఆమెకు సూది వేస్తే చేతులు వణుకుతాయి, నోరు ఆగదు. ఎదుటి మంచం విజయలక్ష్మి టీచరుకు అదే సూది వేస్తే ఏడుపొస్తుంది, ఎందుకో ఆమెకే తెలియదు. లిదియాకు నిద్రొస్తుంది. ఇంట్లో కృపానందం గారికి గోళీ పడితే ఉత్సాహం వచ్చి లోకమంతా ఎట్లా నడవాలో చెప్పేవారు. ఒకే మందు, ఎవరిలో ఏది అణిగి ఉంటే అది బయటికి తెస్తుంది కాబోలు.

"మాది జంపఖానాల పని," అంది సమ్మమ్మ వణికే చేతులు దుప్పటి కింద పెట్టుకుని. "మగ్గం మా ఆయినది, దుమ్ము నాది. నూలు దులుపుడు, చిక్కు దీసుడు అంత నేనే గదా. మందులు మస్తయినయి అక్కా. ఒక సాధువు ఉమ్మెత్తాకు బీడీ తాగుమన్నడు. దమ్ము పోలె గని బీడీ అల్వాటైంది. ఛాతి మీద వాతలు బెట్టిచ్చిండ్రు. హైదరాబాదు దీస్కపోయి చేపమందు మింగిచ్చిండ్రు. ఆ ఎండల మా ఆయిన సోడా తాగిండు, నేను చేప మింగిన."

విజయలక్ష్మి నవ్వబోయి దగ్గింది. "నాకు ఇన్‌స్పెక్టర్ వస్తాండంటే వస్తది. మా అత్త సెలవు కోసం వేషమేస్తానంటది. వేషమైతే జీతం కోసిన రోజెందుకు వేస్త?"

"నీకేం పడదక్కా?" అని అడిగింది సమ్మమ్మ లిదియాను. "ఏం ముట్టుకుంటే వస్తది?"

లిదియా నోరు తెరిచింది. ఆయనకు ఏం పడదో తడుముకోకుండా చెప్పగలదు. కోళ్లు, అగరొత్తులు, కొత్త దుప్పటి, చింతపండు పులుసు, వానలో తడిసిన గోనెసంచి. తనకు ఏం పడదో ఎవరూ అడగలేదు. "ఆలోచన జేసి చెప్త," అంది, బడిలో పిల్లలాగా.

మర్నాడు పొద్దున కృపానందం గారు వచ్చారు. సంఘం వాళ్లెవరూ దగ్గర్లో లేరని చూసుకుని మంచం మీదికి వంగారు.

"శభాష్!" అన్నారు గుసగుసగా. "ఇంత మంచిగ చేస్తవనుకోలే. భర్తీయే చేసుకున్నరు గదా! గోళీలేవి?"

"నాకు నిజంగనే ఉన్నదంట."

"ఏది?"

"దమ్ము. మస్తు ముదిరిందంట."

ఆయన ఆమె వైపు మెచ్చుకోలుగా చూశారు. "డాక్టరును గుడ నమ్మిచ్చినవ్. ఇగ చాలు, నాతోని గుడ చెయ్యకు. గోళీలు తీయి."

"చేతికియ్యరు. సిస్టర్ పూటపూటకు తెచ్చి నీళ్లతోని మింగిస్తది."

కృపానందం గారు ఆలోచించారు. కచేరీలో ఎన్నో చిక్కు ఫైళ్లు దాటించిన బుర్ర అది. "నోట్లె ఏసుకో. నాలిక కింద దాచు. ఆమె అటు పోంగనే రుమాల్ల ఉమ్మి నాకియ్యి. తడిస్తే తడిసింది, మందు మందే గదా." అనడం ఆపి ఊపిరి కోసం మంచం పట్టె పట్టుకున్నారు. ఆ పట్టుకోవడం ఎట్లాంటిదో లిదియాకు తెలుసు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. జాలేసింది. జాలి ఆమెకు ఇరవై ఏళ్ల అలవాటు, బీడీ లాంటిదే.

నర్సు గోళీ తెచ్చింది. లిదియా నాలుక కింద పెట్టుకుని నీళ్లు తాగింది. చేదు నాలుక వెనక దాకా పాకింది. నర్సు అటు తిరగ్గానే రుమాలులో ఉమ్మింది. కృపానందం గారు దాన్ని పంచె అంచుతో తుడిచి, సగం కరిగిన ఆ ముక్కను మింగి, మంచినీళ్ల కోసం చెయ్యి చాపారు. లిదియా గ్లాసు అందించింది.

సందె దీపాలు పెట్టే వేళకు ఆమెకు దమ్ము ఎదురుతిరిగింది. ఈసారి పిల్లికూతలు కూడా లేవు. కూత వేయడానికైనా గాలి ఉండాలి కదా. నర్సు పరుగెత్తింది. డాక్టరమ్మ చేతిలో అన్నం మెతుకులతోనే వచ్చింది. సూది మీద సూది పడ్డాక, ఎప్పటికో, గది మళ్లీ గదిలా కనిపించింది.

"పొద్దున గోళీ మింగారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మింగిన," అంది లిదియా.

డాక్టరమ్మ వెళ్లాక సమ్మమ్మ తన మంచం మీద అటు తిరిగి పడుకుని, గోడతో అన్నట్టు అంది. "నేను జూసిన, అక్కా. పొద్దుగాల నీ మొగడు నీ నోట్లెది తిన్నడు. మా ఆయిన మంచోడనుకుంటాన ఇగ. సోడన్న తన పైసలతోని తాగిండు."

లిదియాకు కోపం రావలసింది. అలసట వచ్చింది. సందేళ ఊపిరి అందనప్పుడు ఆమెకు ఏ దేవుడూ, ఏ పిల్లలూ గుర్తురాలేదు. మిషన్ బోర్డింగులో చదువుకుంటున్న ఇద్దరు కూతుళ్లు కూడా గుర్తురాలేదు. గుర్తొచ్చింది తెల్ల గోళీ. అది నా నోట్లోనే ఉండె గదా, అనుకుంది. వచ్చింది, నోట్లో ఉంది, నీళ్లు కూడా ఉన్నాయి. ఒక్క గుటక. అంత దగ్గరికి వచ్చిన దాన్ని తీసి ఇచ్చేసింది. ఆయన అడిగాడని ఇచ్చింది. ఆయన అడిగితే ఇవ్వనిది ఏదైనా ఉందా అని వెతుక్కుంది. కన్నీళ్లు వస్తాయేమో అని చూసింది గాని, వాటికి కూడా కాస్త దమ్ము కావాలి.

ఆ మర్నాటి నుంచి ఆమె గోళీ మింగింది. కృపానందం గారు వచ్చి చెయ్యి చాపితే, "సిస్టర్ నోరు తెరిచి చూస్తాంది," అని చెప్పింది. ఇది ఆమె తనకోసం ఆడిన మొదటి అబద్ధం. ఆయన ఇంట్లో ఆవిరితో, ఓవల్టీన్‌తో నెట్టుకొచ్చారు. ఆవిరి నీళ్లు మార్తమ్మ కాస్తోందట. కట్టెలు సరిగ్గా మండటం లేదని, ఇన్నాళ్లూ కోడలు ఏం కట్టెలు కొన్నదోనని ఆమె ఊరంతా చెబుతోందట.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం సంఘమంతా వార్డుకు వచ్చింది. మంచాన పడిన వాళ్ల దగ్గరికి గుంపుగా పోయి పాట పాడి ప్రార్థించడం వాళ్ల ఆచారం. పౌలు అయ్యగారు, పెద్దలు, ఆడవాళ్లు, చివర టిఫిను కారియరుతో మార్తమ్మ.

"వాళ్ల పుట్టింట్లనే ఉన్నదంట ఈ రోగం," అని మార్తమ్మ ఆడవాళ్లకు వివరించింది. "మాకు చెప్పకుంట పెండ్లి చేసిండ్రు." వంశపు ఆస్తి అంత తేలిగ్గా చేతులు మారింది.

అయ్యగారు కృపానందం గారి భుజం మీద చెయ్యి వేశారు. "పెద్దయ్యా, ఈ రోగం విషయంల దేవుని మేలు రుచి చూసినోనివి నువ్వు. మేమందరం చేసే ప్రార్థన వేరు, నీది వేరు. నీ భార్య తల మీద చెయ్యి పెట్టి నువ్వే ప్రార్థించు."

దవాఖాన మెట్లు ఎక్కి వచ్చిన మనిషి. పైగా అప్పుడే ఫినాయిలుతో తుడిచిన వార్డు. వద్దనడానికి కూడా ఊపిరి చాలక ఆయన భార్య తల మీద చెయ్యి పెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

"దయగల... తండ్రీ..." అని ఆగారు. "నీ... దాసురాలు..." మళ్లీ ఆగారు. మధ్యలో గొంతులోంచి సన్నని మూలుగు.

"అయ్యో, ఎంత దుఃఖపడుతాండు!" అంది ఒకావిడ కళ్లు మూసుకునే.

"పెండ్లామంటే గంత ప్రేమున్న మొగోన్ని నేను చూడలే," అంది ఇంకొకావిడ, తన భర్త వైపు తిరిగి.

"కార్చనీ తండ్రీ, కన్నీళ్లు కార్చనీ!" అన్నారు అయ్యగారు.

లిదియా కళ్లు మూసుకోలేదు. తల మీద చెయ్యి బరువెక్కుతోంది. ఆయన ఊపిరి ఆమెకు తన ఊపిరికంటే బాగా తెలుసు. ఇంకాసేపటికి పెదవులు నల్లబడతాయి. ఆయన కింద పడిపోయినా వీళ్లు పరిశుద్ధాత్మ అనుకుంటారు. తను ఊరుకుంటే సాక్ష్యం నిలుస్తుంది, ఆయన నిలవరు. తను లేచి ఆయనను ఇంటికి తీసుకుపోతే ఇద్దరి ఇజ్జతూ నిలుస్తుంది, తను నిలవదు. ఇట్లాంటి లెక్కల్లో ఎప్పుడూ కొట్టివేత ఎక్కడ పడుతుందో ఆమెకు తెలుసు.

సరిగ్గా అప్పుడే నర్సు గోళీ, నీళ్లు తెచ్చింది. ప్రార్థన సాగుతుండటం చూసి చప్పుడు చేయకుండా లిదియా చేతిలో పెట్టింది. గుంపులో కళ్లు తెరిచి ఉన్నవి ఆ భార్యాభర్తలవే. తల మీద వేళ్లు రెండుసార్లు నొక్కాయి. ఆయన చూపు ఆమె నోటి మీద ఉంది, దాహమైన మనిషి బావి వైపు చూసినట్టు.

లిదియా గోళీ వేసుకుంది. గ్లాసెత్తి నీళ్లన్నీ తాగింది. మింగింది. తరవాత ఆయనకు కనిపించేలా నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపింది.

"సిస్టర్," అంది. గొంతు పెద్దది కాదు, కానీ మధ్యలో ఎక్కడా ఆగలేదు. "జర డాక్టరమ్మను పిలువుండ్రి. ఈయిన ఏడుస్తలేడు. ఈయినకు దమ్మొచ్చింది."

కళ్లన్నీ తెరుచుకున్నాయి. ఒక్కరివి మాత్రం ఇంకా మూసే ఉన్నాయి కాబోలు, అలవాటు కొద్దీ "ఆమెన్" అని వినబడింది.

"ఏం మాటలే అవి!" మార్తమ్మ టిఫిను కారియరు కింద పెట్టింది. "వానికి ఈస్టరుకే పోయింది గదా! అయ్యగారూ, దీనికి సూదులు నెత్తికెక్కినయి."

కృపానందం గారు ఏదో అనబోయారు. "లే... లే..." దాకా వచ్చి మంచం పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. డాక్టరమ్మ గుంపును మోచేతులతో జరుపుకుంటూ వచ్చి స్టెతస్కోపు ఆయన వీపుకు ఆనించింది. ఒక్కసారి లిదియా వైపు చూసింది. ఆ గోళీలెవరి కోసమో ఆమెకు అర్థమైనట్టే ఉంది.

"ఎన్నేళ్ల నుంచి ఉంది ఈయనకు?"

కృపానందం గారు అయ్యగారి వైపు చూశారు. తరవాత భార్య వైపు చూశారు, నా బదులు నువ్వే చెప్పు అన్నట్టు. ఆయన తరఫున మాట్లాడటం ఆమెకు కొత్త కాదు కదా.

"ఆయిననే అడుగుండ్రి," అంది లిదియా. "మంచిగ చెప్తడు. నాకు నేర్పింది ఆయినే."

ఇద్దరు వార్డుబాయిలు ఆయనను కుర్చీతో సహా మగవార్డుకు ఎత్తుకుపోయారు. అయ్యగారు చేతిలోని టోపీని ఒకసారి తిప్పుకుని ఆ కుర్చీ వెనకే నడిచారు. దారిలో ఆయన కూడా కుర్చీకి ఒక చెయ్యి వేశారు. సంఘం ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. ఇంత ముచ్చట వాళ్లకు ఏ ఆదివారమూ దొరకలేదు.

మార్తమ్మ కోడలి మంచం దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది, తగ్గించినందుకు కోపం పెరిగింది. "కొంప ముంచితివి గదనే! వాని మొఖం మంది ముంగట ఎట్ల పెట్టుకోవాలె? సరే, అయ్యిందేదో అయ్యింది, లే. నాకు ఈ మెట్లు ఎక్కుడు దిగుడు ఎక్కడైతది? నువ్వు జర నడిచేటట్టే ఉన్నవ్. పోయి వాని కాడ కూసో. వీపు నిమిరేటోళ్లు ఉండాలె వానికి."

సమ్మమ్మ బీడీ లేని వేళ్లతో దుప్పటి నలుపుతూ ఇటే చూస్తోంది. విజయలక్ష్మి కూడా లేచి కూర్చుంది.

లిదియా కాళ్లు మంచం కిందికి దించింది. చెప్పులు వెతుక్కుంది. ఒక చెప్పు తొడుక్కుంది కూడా. అలవాటు అది, మనసును అడిగి రాదు. తరవాత ఆ చెప్పును మళ్లీ విడిచి, కాళ్లు పైకి తీసుకుని, దుప్పటి నడుం దాకా లాక్కుంది.

"నాతోని కాదత్తమ్మా," అంది. "నేను పేషెంటును."

మార్తమ్మ ఆ మాట ఎవరైనా సరిదిద్దుతారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ సరిదిద్దలేదు. టిఫిను కారియరు తీసుకుని మెట్ల వైపు పోయింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి ఛాతీ చూసి, ఇంకో వారం ఇక్కడే ఉంటే చాలంది. లిదియా తలూపింది. రెండు వారాలు ఉండాలని ఆమె మధ్యాహ్నమే అనుకుంది.